రోజూ పోతా, రేపు పోతా: గ్రామర్ ఎలా చెప్పమంటారని పిల్లల్నే అడిగితే

ప్రతి ఏడూ మొదటి సంవత్సరం క్లాసులో అడుగుపెట్టిన వారం లోపే ఎవరో ఒకరు లేచి ఈ మాట అంటారు: "మేడమ్, గ్రామర్ బేసిక్స్ నుంచి చెప్పండి." అడిగినవాడికి బేసిక్స్ ఎవరూ చెప్పలేదని కాదు. హైస్కూల్లో చేరిన దగ్గర్నుంచీ ఏటా బేసిక్స్ నుంచే మొదలుపెట్టారు. పార్ట్స్ ఆఫ్ స్పీచ్, ఆర్టికల్స్, టెన్సెస్ పట్టిక, వాయిస్, రిపోర్టెడ్ స్పీచ్. వీ వన్, వీ టూ, వీ త్రీ గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. "గో, వెంట్, గాన్" నిద్రలో లేపి అడిగినా తడుముకోడు. అదే పిల్లవాణ్ణి నిన్న కాలేజీకి ఎందుకు రాలేదురా అంటే, "ఐ డిడ్ నాట్ వెంట్... కేమ్... మేడమ్, తెలుగులో చెప్పనా?" అంటాడు.

చాలా ఏళ్ళు ఈ కోరికను నేను పట్టించుకోలేదు. హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో) చేసిన చిన్న కోర్సుల్లోనూ, చదివిన పుస్తకాల్లోనూ నాకు ఒంటబట్టింది ఒకటే: గ్రామర్‌ని గ్రామర్‌గా చెప్పొద్దు, వాడకంలో పెట్టు. పిల్లలేమో రూల్ చెప్పమంటారు. రెండేళ్ళ కిందట, ఎవరి మాట ఎంతవరకు నిజమో చూద్దామని ఒక నెల రోజులు ఒకే క్లాసుకు గ్రామర్‌ని వేర్వేరు పద్ధతుల్లో చెప్పి, ప్రతి వారం చివర వాళ్ళ అభిప్రాయం రాయించుకున్నాను. పరిశోధన అనేంత పెద్ద పేరు దీనికి పెట్టను. నాలాగే క్లాసులో నిలబడేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

పిల్లలు

మా కాలేజీ ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు. మార్కాపురం, కంభం, పొదిలి చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో వస్తారు. కొందరి ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పలకల ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళు, ఎక్కువమంది మెట్ట రైతులు. ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. అంటే ఇంటర్ దాకా తెలుగులో చదివినవాడు కూడా ఇప్పుడు అకౌంటెన్సీనో, బోటనీనో ఇంగ్లీషులో రాయాలి. మిగతా సబ్జెక్టుల్లో వచ్చే కష్టమంతా చివరికి ఇంగ్లీషు పీరియడ్ మీద పడుతుంది. "ఎకనామిక్స్ సార్ నా వాక్యాలు తప్పంటున్నారు మేడమ్" అని నా దగ్గరికే వస్తారు.

నేను తీసుకున్నది బీకామ్, బీఎస్సీ కలిసి కూర్చునే సెక్షన్. హాజరు బాగున్న రోజు ముప్పై ఐదు మంది, వానొస్తే ఇరవై. తెలుగు మీడియం వాళ్ళు ఎక్కువ. నలుగురైదుగురు గురుకులాల నుంచి వచ్చిన ఇంగ్లీషు మీడియం అమ్మాయిలు. కానిస్టేబుల్ ఉద్యోగానికీ, ఆర్మీకీ తయారయ్యే మగపిల్లలు ఒక బెంచీ నిండా ఉంటారు, తెల్లవారుజామున పరుగు తీసి వచ్చి రెండో పీరియడ్‌కే కునుకు తీస్తుంటారు. సాయంత్రాలు సెల్ షాపులో పనిచేసే అబ్బాయి ఒకడు. వీడి సంగతి తర్వాత వస్తుంది.

శుక్రవారం చీటీలు పంచేదాన్ని. ప్రశ్నలు రెండే. ఈ వారం పాఠం ఎలా అనిపించింది? దీనివల్ల నువ్వు ఏం చేయగలననుకుంటున్నావు? తెలుగులో రాయండి, పేరు వద్దు అన్నాను. పేరు లేకపోయినా రాత నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్ళకీ తెలుసు. కాబట్టి చీటీల్లో మేడమ్‌కి నచ్చేట్టు రాసింది కొంత ఉంటుంది. ముప్పై చీటీలకు శాతాలు కట్టే పని నేను పెట్టుకోలేదు. చీటీలతో పాటు, వారం గడిచాక చెప్పా పెట్టకుండా అర పేజీ రాయించి, నేర్చుకున్నది రాతలోకి వచ్చిందా అని చూశాను.

రూల్ ముందు

మొదటి వారం వాళ్ళు అడిగినట్టే చెప్పాను. సింపుల్ ప్రెజెంట్. బోర్డు మీద ఫార్ములా: సబ్జెక్ట్ ప్లస్ వీ వన్. హి, షి, ఇట్ వస్తే ఎస్ గానీ ఈఎస్ గానీ. దాని కింద వాడకాలు, కింద ఉదాహరణలు, కింద ఇరవై బిట్లు. క్లాసు ఇంత నిశ్శబ్దంగా, ఇంత శ్రద్ధగా ఉండటం ఆ ఏడాదిలో అదే మొదటిసారి. స్కేలు పెట్టి మార్జిన్లు గీసుకున్నారు. ఎర్ర పెన్నుతో రూల్, నీలం పెన్నుతో ఉదాహరణ. నాకు లోపల ఒప్పుదలగా లేదు కానీ, ఆ గంట టీచర్‌గా చాలా హాయిగా గడిచిన మాట నిజం.

చీటీలు దాదాపు అన్నీ "బాగుంది" అనే. ఎందుకు బాగుందో చదివితే అసలు సంగతి తెలిసింది. "నోట్స్ మిగిలింది." "రేపు మర్చిపోయినా చూసుకోవచ్చు." "రూల్ చెప్పకపోతే మేడమ్ పాఠం చెప్పినట్టు అనిపించదు." ఒకరు "అమ్మకు చూపించాను" అని రాశారు. ఇంట్లో చదువు వచ్చినవాళ్ళు లేని పిల్లకు నిండిన నోట్సు అంటే ఫీజు కట్టిన రసీదు లాంటిది. ఇది నేను అంతకు ముందు ఆలోచించలేదు. ఏదో ఆట ఆడించి పంపిస్తే ఆ అమ్మాయి ఇంటికి ఏం పట్టుకెళ్తుంది?

కానిస్టేబుల్ బ్యాచి మరీ సూటిగా రాశారు. వాళ్ళ ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషు ఒక భాగం, అది బిట్ల పరీక్ష. "మాకు మాట్లాడటం వద్దు మేడమ్, బిట్లు కావాలి." నేను కోప్పడలేకపోయాను. ఇంటర్ ఇంగ్లీషు పేపర్లో ఆర్టికల్స్, ప్రిపొజిషన్స్, వాయిస్, తప్పొప్పుల దిద్దుబాటు అంతా బిట్లుగానే రాసి వచ్చారు. గ్రామర్ అంటే ఖాళీలు నింపడం అని వాళ్ళకు నేర్పింది మనమే.

రెండో ప్రశ్న, అదే ఏం చేయగలవని అడిగింది, చాలామంది ఖాళీగా వదిలేశారు.

ఉదాహరణ ముందు

రెండో వారం ప్రెజెంట్ పర్‌ఫెక్టూ, సింపుల్ పాస్టూ. రూల్ చెప్పలేదు. పన్నెండు వాక్యాలున్న కాగితం ఇచ్చి, ఎక్కడ హాజ్ వచ్చింది, ఎక్కడ రాలేదు, ఎందుకో మీరే పట్టుకోండి అన్నాను. "ది బస్ హాజ్ లెఫ్ట్." "ది బస్ లెఫ్ట్ ఎట్ నైన్." ఇలాంటి జతలు.

ముందు బెంచీ అమ్మాయిలు అయిదు నిమిషాల్లో పట్టేశారు. "టైం చెబితే వీ టూ, చెప్పకపోతే హాజ్." పుస్తకంలో రెండు పేరాలున్నది ఆరు మాటల్లో వచ్చింది. అన్ని చోట్లా నిలబడే రూల్ కాదు గానీ ఆ కాగితం వరకు చక్కగా సరిపోయింది. నేను పొంగిపోయాను. వెనక బెంచీలు మాత్రం అప్పటికే పెన్నులు మూసి, ముందువాళ్ళు చెబితే రాసుకుందామని కూర్చున్నాయి. అది నేను ఆ రోజు గమనించలేదు, చీటీల్లో చదివాను.

"దొరికినవాళ్ళకు ఆట, దొరకనివాళ్ళకు పరీక్ష." ఒక చీటీలో ఉన్నది ఈ ఒక్క వాక్యమే. ఇంకో చీటీ: "రూల్ మీకు తెలుసు కదా మేడమ్. చెప్పేయొచ్చు కదా." కనిపెట్టినవాళ్ళు మాత్రం నాలుగేసి వాక్యాలు రాశారు. వాళ్ళకు ఈ వారం మహా సరదాగా ఉంది, ఇలాగే చెప్పమన్నారు. ఒకే గంట, ఒకే కాగితం. ముందు బెంచీకీ వెనక బెంచీకీ అది రెండు వేర్వేరు పాఠాలైంది. ఉదాహరణల నుంచి రూల్ రాబట్టే పద్ధతి గురించి చదివినప్పుడల్లా పిల్లలు తమంతట తాము కనుక్కుంటారని ఉంటుంది. క్లాసులో కనుక్కునేది అయిదుగురు. మిగతావాళ్ళు టీచర్ నోటి బదులు పక్కవాడి నోటి నుంచి రూల్ వింటారు.

గ్రామర్ ఊసే లేకుండా

మూడో వారం మీద నాకు ఆశ ఎక్కువ. మన దగ్గరే జరిగిన పని అది. ఇంగ్లీషు బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు వంటి చోట్ల మామూలు స్కూళ్ళలో రూల్స్ పాఠం ఏదీ లేకుండా, టైంటేబుళ్ళు, మ్యాపులు వంటివి ఇచ్చి లెక్క తేల్చమనే పనులతో ఇంగ్లీషు నేర్పించారు. మనసు అర్థం మీద ఉంటే వ్యాకరణం దానంతట అది లోపల కుదురుకుంటుందని ఆయన నమ్మకం. పెద్ద పెద్ద సామగ్రి అక్కర్లేదు, బోర్డూ సుద్దముక్కా చాలు. మా కాలేజీకి సరిగ్గా సరిపోయే పద్ధతి అనుకున్నాను.

ఒక టైంటేబుల్ నేనే రాశాను. కంభం నుంచి గుంటూరుకు వెళ్ళాలి, అక్కడ పదిన్నరకు ఇంటర్వ్యూ. బస్సుల వేళలు, గుంటూరు–నంద్యాల లైనులో రైలు వేళలు, చార్జీలు. జేబులో ఇంత డబ్బు ఉంది. ఎలా వెళ్ళాలో ఇంగ్లీషులో చెప్పాలి.

క్లాసు హోరెత్తిపోయింది. పూర్తిగా తెలుగులో. "రైలు లేటయితే?" "ఒరేయ్, బస్సెక్కితే వినుకొండ దగ్గర టీకి ఆపుతాడు, అరగంట పోయింది." రైలా బస్సా అని రెండు పార్టీలై పోట్లాడుకున్నారు. ఇంగ్లీషు బయటికొచ్చింది చివరి అయిదు నిమిషాల్లో, గ్రూపుకో వాక్యం: "ది ట్రైన్ లీవ్స్ ఎట్ ఫోర్ ఫార్టీ అండ్ రీచెస్ గుంటూర్ ఎట్ నైన్." నేను కాగితం మీద ఆ మాటలు అలాగే ఇచ్చాను కాబట్టి ఎస్ తప్పిపోలేదు. మర్నాడు అర పేజీ రాయిస్తే "ది ట్రైన్ లీవ్స్" భద్రంగా ఉంది, "మై ఫాదర్ లీవ్" కూడా అంతే భద్రంగా ఉంది.

చీటీలు: "చాలా సరదాగా ఉంది. ఏం నేర్చుకున్నామో తెలీదు." కొంచెం అటూ ఇటూగా సగానికి పైగా ఇదే మాట. ఏం నేర్చుకుంటున్నాడో తెలియకుండా నేర్చుకోవడమే ఈ పద్ధతిలో అసలు కిటుకు కదా అని వాదించవచ్చు. ప్రభు పని అయిదేళ్ళు జరిగింది, నాది ఒక్క వారం. దాంతో ఆ పద్ధతి మీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. అయినా నేర్చుకున్నట్టు అనిపించకపోవడం అనేది పద్దెనిమిదేళ్ళ పిల్లకు చిన్న విషయం కాదు. సెమిస్టర్ ఆరు నెలలు, పరీక్ష దగ్గర్లో ఉంది, పక్క సెక్షన్లో నోట్సు నిండుతోంది. అక్కడ టెన్షన్ మొదలవుతుంది.

ఒక చీటీ మాత్రం వేరుగా ఉంది. "తప్పు మాట్లాడినా మీరు ఆపలేదు. ఎందుకు ఆపలేదు?" నిజమే, ఆపకూడదనే నేర్చుకున్నాను. ధారాళంగా మాట్లాడేవాణ్ణి మధ్యలో ఆపితే నోరు మూసుకుంటాడని. ఈ అమ్మాయి దాన్ని పట్టించుకోకపోవడంగా తీసుకుంది. అమెరికాలో రెనేట్ షుల్జ్ అనే ఆవిడ విదేశీ భాషలు నేర్చుకునే విద్యార్థుల్నీ, వాళ్ళ టీచర్లనీ ఇవే సంగతులు అడిగి 1996లో అచ్చువేశారు. తర్వాత కొలంబియాలోనూ అడిగి, రెంటినీ పోల్చి 2001లో రాశారు. రెండు దేశాల్లోనూ గ్రామర్ చెప్పాలనీ, తప్పులు దిద్దాలనీ టీచర్ల కంటే విద్యార్థులే గట్టిగా కోరుకున్నారు. ఈ సంగతి నేను అంతకు ముందే చదివాను. చదివి, అది ఎక్కడో అమెరికా పిల్లల గోల అనుకుని పక్కన పెట్టాను.

నాలుగోది నేను అనుకున్నది కాదు

నాలుగో వారం ప్లాన్‌లో లేదు. మూడింటి మీదా వాళ్ళతో మాట్లాడి ముగిద్దామనుకున్నాను. సోమవారం ఊరికే మీ దినచర్య రాయండి అన్నాను. సెల్ షాపు అబ్బాయి లేచి చదివాడు.

"డైలీ ఐ విల్ వేకప్ ఎట్ ఫైవ్. ఐ విల్ గో టు ఫీల్డ్. దెన్ ఐ విల్ కమ్ టు కాలేజ్. ఈవెనింగ్ ఐ విల్ సిట్ ఇన్ సెల్ షాప్."

మొదటి వారం చెప్పిన సింపుల్ ప్రెజెంట్ పాఠం సరిగ్గా ఇదే. ఆ వారం ఇరవై బిట్లలో వీడికి ఇరవై వచ్చాయి. నాకు చిరాకేసింది. "రోజూ చేసే పనికి విల్ ఎందుకురా? ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాను. వాడు నోట్సు తిప్పి రూల్ చూసుకున్నాడు. రూల్ అక్కడే ఉంది, ఎర్ర పెన్నుతో. తలెత్తి, "పోతా అంటే విల్ గో కదా మేడమ్" అన్నాడు.

సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఈ తప్పు కొన్ని వందల సార్లు దిద్ది ఉంటాను. ఎందుకు వస్తోందని ఒక్కసారీ అడగలేదు. బోర్డు మీద రెండు వాక్యాలు తెలుగులో రాశాను.

రోజూ పొలానికి పోతా.
రేపు పొలానికి పోతా.

"రెండు పోతాలూ ఒకటేనా?"

"ఒకటే కదా మేడమ్."

"మాట ఒకటే. రెండూ ఒకే రకం పనా?"

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి మధ్య వరస అమ్మాయి, "మొదటిది అలవాటు. రెండోది ఇంకా కాలేదు" అంది. మొదటి వాక్యం కింద "ఐ గో" అని, రెండోదాని కింద "ఐ విల్ గో" అని రాశాను. తెలుగులో ఒకే మాట రెండు పనులూ చేస్తుంది, ఇంగ్లీషు వాడు రెంటికీ రెండు మాటలు పెట్టుకున్నాడు అన్నాను. అంతే చెప్పాను.

వెనక నుంచి "ఓహో, అదా!" అని ఎవరో గట్టిగానే అన్నారు. తర్వాత పది నిమిషాలు నేను చెప్పింది ఏమీ లేదు. వాళ్ళే తెలుగు వాక్యాలు తెచ్చి బోర్డు మీద పడేశారు. "మా నాన్న బీడీలు తాగడు" అంటే? రోజూ. "రేపు క్లాసుకు రాను" అంటే? రేపు. కంభం అబ్బాయి ఒకడు "ఎండాకాలం మా ఊళ్ళో నీళ్ళుండవు" అన్నాడు. ఇది రోజూనా, రేపా? ప్రతి ఏడూ ఉండవు కాబట్టి రోజూ రకమే అని ఒకరు, "వచ్చే ఎండాకాలం కూడా ఉండవు కాబట్టి రేపు కూడా" అని ఇంకొకరు. క్లాసంతా నవ్వింది. మా వైపు నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళకు ఆ నవ్వు అర్థమవుతుంది. కానీ ఆ ప్రశ్న సరైన ప్రశ్న. ఏ గ్రామర్ పుస్తకం ముందు పెట్టినా ఈ పిల్లలు అంత మంచి ప్రశ్న అడగలేదు.

ఆ రోజు నుంచి "రోజూనా, రేపా?" అనేది ఆ సెక్షన్‌లో ఊతపదం అయిపోయింది. ఎవరైనా అనవసరంగా విల్ అంటే నేను నోరు తెరిచే లోపు పక్కవాడే అడుగుతాడు. దిద్దినట్టూ ఉంటుంది, పరువు పోయినట్టూ ఉండదు.

స్టాఫ్ రూమ్‌లో ఈ సంగతి చెబితే మా తెలుగు మాస్టారు నవ్వారు. "అమ్మా, దానికి మన వ్యాకరణంలో పేరుంది. తద్ధర్మ కాలం. సూర్యుడు తూర్పున ఉదయించును అంటామే, అది నిన్నటిదీ కాదు, రేపటిదీ కాదు. ఎప్పుడూ ఉండే ధర్మం" అన్నారు. హైస్కూల్లో భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు ఈ నాలుగోది నేనూ చదువుకున్నదాన్నే. పరీక్ష రాసి మర్చిపోయాను. పాతిక అడుగుల దూరంలో పక్క పక్క గదుల్లో ఆయన తద్ధర్మం, నేను సింపుల్ ప్రెజెంట్ చెబుతున్నాం. రెండూ ఒకదానికొకటి సమాధానం అని మాకిద్దరికీ తోచలేదు, పిల్లలకు ఎలా తోస్తుంది?

ఇక ఆ వారమంతా తప్పుల నుంచే వెనక్కి నడిచాం. "హి టోల్డ్ దట్ ఐ విల్ కమ్ టుమారో" ఎందుకు వస్తోంది? "రేపు వస్తానని చెప్పాడు" అంటాం కదా, ఆ "వస్తాను" వాడి నోటి మాట, దాన్ని అలాగే ఉంచి "అని" తగిలిస్తాం. ఇంగ్లీషు వాడు ఆ మాటను తన వైపు తిప్పుకుని చెబుతాడు. "ఐ యామ్ స్టడీయింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" ఎందుకు? "రెండేళ్ళ నుంచి చదువుతున్నాను" లోని "చదువుతున్నాను" అచ్చుగుద్దినట్టు దిగింది, "నుంచి" కాస్తా సిన్స్ అయింది. "ఐ హావ్ ఈటెన్", "ఐ ఏట్" తేడా తెలియకపోవడానికి కారణం, రెంటికీ మనం "తిన్నాను" అనే అంటాం.

ఆ వారం చీటీలు

"ఇన్నాళ్ళూ నాకు ఇంగ్లీషు బుర్ర లేదనుకున్నా. తెలుగు బాగా వచ్చు కాబట్టి ఈ తప్పు వస్తోందని తెలీదు." ఇది ఒక చీటీ. ఇలాంటివి మరికొన్ని. రెండో ప్రశ్నకు మొదటిసారి జవాబులు వచ్చాయి: "నా తప్పు నేను పట్టుకోగలను." "షాపులో కస్టమర్‌తో మాట్లాడేటప్పుడు గుర్తొచ్చింది."

అందరూ ఒప్పుకోలేదు. గురుకులం నుంచి వచ్చిన అమ్మాయి, క్లాసులో అందరికంటే బాగా మాట్లాడేది, చీటీలో రాసి ఊరుకోకుండా నా దగ్గరికే వచ్చింది. "మేడమ్, ప్రతిదానికీ తెలుగు వాక్యం వెతుక్కుంటే లేటవుతుంది. ముందు తెలుగు, తర్వాత రోజూనా రేపా, తర్వాత ఇంగ్లీషు. ఈ లోపు అవతలివాడు ఫోన్ పెట్టేస్తాడు." ఆ పిల్ల అన్నది సబబే. తనకు తెలుగు దారి అడ్డం, అప్పటికే వచ్చిన ఇంగ్లీషుకు బ్రేకు. మిగతావాళ్ళకు అది మెట్టు. ఒకే గదిలో ఇద్దరూ ఉన్నారు, నేను ఒక్కదాన్నే.

కానిస్టేబుల్ బ్యాచికి కూడా ఇది పెద్దగా పట్టలేదు. "బాగుంది, కానీ బిట్లు ఎక్కువ ఇవ్వండి." వాళ్ళ వైపు నుంచి అది న్యాయమే.

ఇక్కడ నా లెక్కలోని లోపాలు చెప్పాలి. నాలుగు వారాలూ నాలుగు వేర్వేరు పాఠాలు, పర్‌ఫెక్ట్ టెన్స్ కష్టాన్ని పద్ధతి మీదకు తోసేసి ఉండొచ్చు. నాలుగోది చివర వచ్చింది, చివరిదే గుర్తుంటుంది. పైగా ఆ వారం నేను కొత్తగా ఏదో దొరికిన ఊపులో ఉన్నాను, టీచర్ హుషారు పిల్లలకు అంటుకుంటుంది. మొదటి వారం చెప్పిన సింపుల్ ప్రెజెంట్ అక్కడ లేకపోతే నాలుగో వారం "రోజూనా, రేపా" నిలబడేది కాదేమో కూడా. సెల్ షాపు అబ్బాయికి రూల్ ముందే తెలుసు. అది తనకు ఎక్కడ తగులుతుందో తెలియలేదు.

అన్నీ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇది. పిల్లలు "రూల్ చెప్పండి" అంటున్నప్పుడు వాళ్ళు అడుగుతున్నది పాత పద్ధతి కాదు. "నేను ఎందుకు తప్పుతున్నానో చెప్పండి" అంటున్నారు. ఆ అడగడానికి వాళ్ళ దగ్గరున్న మాట "రూల్" ఒక్కటే. నేను దాన్ని పట్టిక అనుకుని, పట్టిక ఇవ్వడానికి మొహమాటపడి, ఆటలు ఇచ్చాను.

తర్వాత ఒక చికాకు కూడా జరిగింది. ఆ సెమిస్టర్‌లోనే క్లాసులు చూడటానికి ఒక పెద్దాయన వచ్చారు. ఆ గంట నేను "అని" గురించి చెబుతున్నాను, బోర్డు మీద సగం తెలుగు. ఆయన వెనక కూర్చుని విని, ఇంగ్లీషు పీరియడ్‌లో తెలుగు ఎక్కువగా వినిపించిందని రాసి వెళ్ళారు. 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం పిల్లల భాషల్ని వనరుగా చూడమని చెప్పిందనీ, నేనేదో సొంతంగా పాడు చేయడం లేదనీ ఆయనతో అందామనుకున్నాను. అప్పటికే ఆయన కారెక్కారు. ఆ మాట పట్టుకుని నేను రెండు వారాలు తెలుగు మానేశాను. మూడో వారం మళ్ళీ "ఐ విల్ వేకప్" వినపడింది. మళ్ళీ మొదలుపెట్టాను.

ఇప్పుడు ఏం చేస్తున్నాను

రూల్ ఇస్తాను, నోట్సు రాయిస్తాను, బిట్లు పెడతాను. దానికి సిగ్గుపడటం మానేశాను. కాకపోతే రూల్‌తో మొదలుపెట్టను. ముందు ఏదో ఒకటి రాయించి, వాళ్ళ తప్పుల్లోంచి నాలుగు ఏరి, పేర్లు లేకుండా బోర్డు మీద పెడతాను. "ఇది తెలుగులో ఎలా అంటాం?" అని అడుగుతాను. తేడా వాళ్ళకు కనిపించాక రూల్ రాసుకుంటారు. అప్పుడు ఆ రూల్ తమ జబ్బుకు రాసిన చీటీలా ఉంటుంది, మందుల షాపు జాబితాలా కాదు. బస్సూ రైలూ పోట్లాట లాంటివి నెలకు రెండు పెడతాను, అప్పుడు తెలుగు తేను. గురుకులం అమ్మాయిలను గ్రూపుకొకరిని పంచి, వాళ్ళను ఇంగ్లీషులోనే మాట్లాడమంటాను. మాట్లాడేటప్పుడు ఆపను, తప్పులు రాసుకుని చివర్లో చెబుతాను, ఎందుకు ఆపలేదో కూడా ముందే చెబుతాను. "ఎందుకు ఆపలేదు?" అన్న చీటీ నా డైరీలో ఇంకా ఉంది.

ఈ పద్ధతి ఒకచోట మాత్రం చతికిలబడింది. ఆర్టికల్స్. తెలుగులో ఆ సరుకే లేదు. "బస్సు వచ్చింది" అంటాం. ఏ బస్సో వినేవాడికి ముందే తెలిసినా అదే మాట, తెలియకపోయినా అదే మాట. "ఒక" ఉంది గానీ అది పెట్టి తీరాల్సిన మాట కాదు. పక్కన పెట్టి పోల్చడానికి తెలుగు వాక్యంలో ఏమీ లేకపోతే నేను ఏం చూపించాలి? "వినేవాడికి తెలిసిన బస్సయితే ది, తెలియని బస్సయితే ఎ" అని చెప్పి చూశాను. "మరి సూర్యుడు అందరికీ తెలుసు, ది పెడతాం. గాంధీ కూడా అందరికీ తెలుసు, ది గాంధీ అనం. ఎందుకు మేడమ్?" అన్నారు. పేర్లకు పెట్టరు అన్నాను. "ది గోదావరి?" అన్నారు వెంటనే. పరీక్షకు పనికొచ్చే పట్టిక ఒకటి రాయించి ఆ గంట గట్టెక్కాను. మొదటి వారంలాగే క్లాసంతా స్కేళ్ళు తీసి మార్జిన్లు గీసుకుంది.

ఆ శుక్రవారం చీటీల్లో ఒకటి సెల్ షాపు అబ్బాయిది, రాత చూడగానే తెలిసింది. మొదటి ప్రశ్నకు జవాబు రాయలేదు. రెండోదాని కింద రాశాడు: "మేడమ్, 'ది'కి తెలుగు దొరికితే చెప్పండి."

నేను ఇంకా వెతుకుతున్నాను. తెలుగు మాస్టార్ని కూడా అడిగాను, రెండు రోజులు టైం ఇవ్వమన్నారు. ఆ మాట అని ఏడాది దాటింది.